‘సాధారణ వర్షం’ మా చెల్కలో ఎందుకు పడలేదు?

ప్రశ్న: జూన్‌లో మా జిల్లాలో సాధారణ వర్షపాతం అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా చెల్కలో పత్తి గింజలు రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది, మొదటి మొలకలన్నీ మాడిపోయాయి. నెల రోజుల వానే సరిగ్గా చెప్పలేనివాళ్లు 2050లో ఎండ ఎంతుంటుందో చెబితే ఎందుకు నమ్మాలి సార్?
– ఒక రైతు, కల్వకుర్తి

జవాబు: మీ కోపం న్యాయమే, కాకపోతే తప్పు లెక్కలో లేదు, ‘సాధారణం’ అనే మాటలో ఉంది. వాతావరణ శాఖ దృష్టిలో సాధారణం అంటే ఏళ్ల తరబడి తీసిన సగటుకి 19 శాతం అటూ ఇటూ. 20 శాతం తగ్గితే గానీ ‘లోటు’ అనరు. ఉదాహరణకి జూన్ సగటు 100 మిల్లీమీటర్లు అనుకుందాం. 4వ తేదీ రాత్రి 45 పడింది, మళ్లీ 29న 40 పడింది, మధ్యలో 24 రోజులు మొగులు కమ్మడమే గానీ చుక్క రాలలేదు. మొత్తం 85, అంటే సగటుకి 15 శాతం తక్కువ, కాబట్టి ‘సాధారణం’! ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, మీ మొలకలు మాత్రం మిగల్లేదు.

మా నాయనకి ఈ శాతాలేవీ తెలియవు. గోడకున్న క్యాలెండర్ మీద వాన పడ్డ రోజున పెన్సిల్‌తో గీత పెట్టేవాడు, చినుకులైతే సన్న గీత, కుంటలోకి నీళ్లొస్తే లావు గీత. నెలాఖరుకి ఆ గీతల మధ్య ఎన్ని ఖాళీ గళ్లున్నాయో చూస్తే చాలు, పంట సంగతి తెలిసిపోయేది. మెసేజ్ పంపేవాళ్లు కూడా మొత్తంతో పాటు ‘వరుసగా ఇన్ని రోజులు వాన లేదు’ అని ఒక ముక్క చేర్చొచ్చు కదా, రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, లెక్క వాళ్ల దగ్గరే ఉంది. ఈలోపు మీరు చేయగలిగిందొకటుంది: మన తేలిక నేలల్లో కనీసం 50–60 మిల్లీమీటర్లు పడి, భూమి జానెడు లోతు తడిశాకే గింజ పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మొదటి వాన చూడగానే మనసు ఆగదు, అది నాకూ తెలుసు.

ఈ ఖాళీ గళ్లకీ భూతాపానికీ సంబంధం ఉందా అంటే, ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. నేలలోని తేమను గట్టిగా పీల్చుకుంటుంది, వదిలేటప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. అలాగని మీ చెల్కలో ఫలానా జూన్ ఎండిపోవడానికి అదే కారణమని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

ఇక 2050 సంగతి. రేపు పొద్దున ఏడు గంటల బస్సులో మూడో సీట్లో ఎవరు కూచుంటారో కండక్టర్ చెప్పలేడు. సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులో కాలు పెట్టే చోటుండదని మాత్రం వేసవిలో అడిగినా చెబుతాడు. రేపటి వాన మొదటి రకం, వాతావరణ మార్పు రెండో రకం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒకప్పుడు పది లక్షల్లో 280 పాళ్లు, ఇప్పుడు 420 దాటింది. అది పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. కింది గాలి వేడెక్కుతుంటే పైనున్న గాలి పొర స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతుందని వాతావరణ శాస్త్రవేత్త మనాబే 1967లో కంప్యూటర్ మీద తేల్చాడు, తర్వాత కొలిస్తే అచ్చం అలాగే ఉంది. వేడికి కారణం సూర్యుడి ఎండ పెరగడమే అయితే రెండూ వేడెక్కాలి కదా. 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

ప్రశ్న: మా ఊళ్లో పొద్దునకీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా. భూమి ఒకటిన్నర డిగ్రీ వేడెక్కుతుందంటే ఇంత గోలెందుకు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: అది మీ ఊరి డిగ్రీ కాదమ్మా, ఏడాది పొడుగునా మొత్తం భూమి సగటు. గత మంచు యుగంలో ఆ సగటు ఇప్పటికంటే ఐదారు డిగ్రీలే తక్కువ, అంతమాత్రానికే కెనడా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. ‘ఒకటిన్నర’ అని చెప్పి వదిలేసేవాళ్లది కూడా తప్పే, మన రోహిణి కార్తెలో రోళ్లు పగిలే రోజులు ఎన్ని పెరుగుతాయో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న: బడిలో పిల్లలతో మొక్కలు నాటించి, భూమిని కాపాడతామని ప్రతిజ్ఞ చేయిస్తాం. పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు. పిల్లలు అడిగితే ఏం చెప్పమంటారు?
– ఒక టీచర్, మిర్యాలగూడ

జవాబు: ఉన్నదున్నట్టు చెప్పండి. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి ఎంత కార్బన్ వదిలితే అంతా తిరిగి తీసేయడం, అని మన దేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది, ఈలోపు కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. మనిషికి లెక్కేస్తే మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు రెండు టన్నులు, అమెరికావాళ్లు దానికి ఆరేడు రెట్లు. ఇది నిజమే గానీ, దీన్ని అడ్డం పెట్టుకుని మన ఇంటి లెక్క చూడకపోతే ఎలా?

ఆ లెక్క పిల్లలతోనే వేయించండి. 5 హెచ్‌పీ మోటారు ఏడు గంటలు నడిస్తే సుమారు 26 యూనిట్లు, బొగ్గు కరెంటుకి యూనిట్‌కి కిలో అటూ ఇటూ కార్బన్ డయాక్సైడ్. పొలం నిండినా, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటోస్టార్టర్ ఉంటే మోటారు నడుస్తూనే ఉంటుంది, బిల్లు రాదు గనక ఎవరికీ నొప్పి లేదు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన వరి మడిలోంచి మీథేన్ వాయువు వస్తుంది, అది భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే ఇంకా ఎక్కువ వేడెక్కిస్తుంది. మధ్యమధ్య ఆరబెట్టి నీళ్లు పెడితే ఆ మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, మోటారుకీ రెస్టు. చుట్టూ చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం ముక్క ఒకటి మడిలో పాతించండి. లోపల నీళ్లు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ పెట్టాలి, పూత సమయంలో మాత్రం ఎండనివ్వకూడదు. ఈ యాసంగిలో ఎవరిదో ఒక మడిలో చేయించి, మోటారు ఎన్ని గంటలు తగ్గిందో పిల్లల చేత్తోనే రాయించి పంపండి, ఈ పేజీలో వేస్తాం.