నీళ్లలో మందు కలిపితే క్లౌన్ చేపల పుళ్లు మానవు

ప్రశ్న: రొయ్యల హ్యాచరీలో పనిచేసిన అనుభవంతో ఇంటి వెనుక షెడ్డులో 12 గాజు ట్యాంకులు పెట్టి క్లౌన్ చేపలు (సముద్రపు రంగు చేపలు) పెంచుతున్నాను. నెల క్రితం తమిళనాడులోని మండపం నుంచి చేప పిల్లలు తెచ్చాను. వారం రోజులుగా రెండు ట్యాంకుల్లో చేపల రెక్కల అంచులు తెల్లబడి చిరిగిపోతున్నాయి. పక్కల మీద ఎర్రటి మచ్చలు లేచి పుళ్లవుతున్నాయి. కొన్నింటికి కళ్లు ఉబ్బాయి. దుకాణంలో ఇచ్చిన టెట్రాసైక్లిన్ పొడిని అయిదు రోజులు నీళ్లలో కలిపాను. నీళ్లు గోధుమ రంగుకు తిరిగి నురగ కట్టాయి గానీ జబ్బు తగ్గలేదు. చావులు రోజుకు రెండు నుంచి ఆరుకు పెరిగాయి. మోతాదు రెట్టింపు చేయమంటున్నారు. చేయవచ్చా?
– ఒక రైతు, భీమునిపట్నం

జవాబు: చేయవద్దు. ఉన్న మందునే ఈ రోజు ఆపేయండి.

టెట్రాసైక్లిన్ మాత్రలు పాలతో వేసుకోవద్దని డాక్టర్లు చెబుతుంటారు. పాలలోని కాల్షియం ఆ మందును పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. మీరు వేసిన పొడిలో ఎక్కువ భాగం వాటికే చిక్కింది, చేపకు అందింది చాలా తక్కువ. మంచినీటి రంగు చేపల వాళ్లకు కాస్తో కూస్తో పనిచేసిన మందు మీకు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

మరి చావులు ఎందుకు పెరిగాయి? చేపల విసర్జనలోని అమ్మోనియాను హరించే మేలు బ్యాక్టీరియా మీ ఫిల్టరులో ఉంటుంది. చిక్కకుండా మిగిలిన కాస్త మందూ దాన్ని దెబ్బతీసి ఉంటుందని నా అనుమానం. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి అదే మోతాదు అమ్మోనియా మంచినీటిలో కంటే ఇక్కడ ఎన్నో రెట్లు విషం. చీకటి పడేలోగా అమ్మోనియా, నైట్రైట్ కిట్లతో పరీక్ష చేయండి. అమ్మోనియా కనిపిస్తే సగం నీరు మార్చండి. కొత్త నీటి ఉప్పదనం, వేడి పాత నీటితో సమానంగా ఉండాలి. మేత సగానికి తగ్గించండి.

ఇక జబ్బు సంగతి. మీరు చెప్పిన గుర్తులు విబ్రియో బ్యాక్టీరియా వైపే చూపుతున్నాయి. కానీ కంటికి కనిపించే ఆనవాళ్లతోనే మందు మొదలుపెట్టవద్దు. ఒంటి నిండా తెల్లటి జిగురు పేరుకుని, చర్మం పొరలుగా ఊడుతూ, చేప ఎగశ్వాస తీస్తుంటే అది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి. క్లౌన్ చేపలంటే దానికి ప్రత్యేకమైన మక్కువ. బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తే వెల్వెట్ జబ్బు, ఉప్పు రవ్వలు అంటించినట్టుంటే తెల్లమచ్చ. వీటిలో దేనికీ యాంటీబయాటిక్ పనిచేయదు. చాలాసార్లు ముందు పరాన్నజీవి చర్మాన్ని గీరి గాయం చేస్తుంది, బ్యాక్టీరియా ఆ గాయంలోంచి దూరుతుంది. అప్పుడు పుండు ఒక్కదానికే మందు వేస్తే పది రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది.

మీ చుట్టుపక్కల రొయ్యల ల్యాబులు ఉన్నాయి కదా, అవి చాలు. ఇంకా ప్రాణంతో ఉన్న జబ్బు చేపలను రెండు మూడింటిని ఆక్సిజన్ సంచిలో తీసుకెళ్లండి. చచ్చిన చేప పనికిరాదు. మన ఎండలకు గంటా రెండు గంటల్లోనే పేగులోని బ్యాక్టీరియా ఒళ్లంతా పాకుతుంది, ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద ఏది మొలిచినా నమ్మలేం. చర్మం మీది జిగురును, మొప్ప ముక్కను మైక్రోస్కోపు కింద చూడమనండి. తర్వాత చేప మూత్రపిండం నుంచి నమూనా తీసి, విబ్రియోను పట్టడానికి వాడే టీసీబీఎస్ ప్లేటు మీద రుద్దమనండి. ట్యాంకు నీటిని ప్లేటు వేయించి కంగారు పడవద్దు. సముద్రపు నీటిలో విబ్రియో ఎప్పుడూ ఉంటుంది. ఆరోగ్యమైన చేప మూత్రపిండంలో మాత్రం ఉండదు, అక్కడ కనిపించిందంటే జబ్బే. ఇంకో మాట. ప్లేటు మీద బ్యాక్టీరియా చుక్కలుగా మొలుస్తుంది, వాటినే కాలనీలంటారు. రొయ్యల వాళ్లకు పచ్చ కాలనీలంటే భయం, పసుపు కాలనీలంటే ధీమా. చేపల దగ్గర ఆ లెక్క పనికిరాదు. పసుపు కాలనీలు కట్టే విబ్రియో ఆల్జినోలిటికస్ కూడా చేపలకు పుళ్లు తెస్తుంది. రంగు చూసి వదిలేయకుండా ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ పరీక్ష చేయించండి.

ఫలితం వచ్చేలోగా జబ్బు చేపలను వేరు చేయండి. ఇసుక, రాళ్లు లేని ఒట్టి గాజు ట్యాంకు, ఒక స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి నాలుగు పీవీసీ పైపు ముక్కలు చాలు. రోజూ పావు వంతు నీరు మార్చండి. ఆ ట్యాంకులో ఉప్పదనాన్ని రెండు రోజుల్లో మెల్లగా 20 పీపీటీకి (వెయ్యి వంతుల నీటిలో 20 వంతుల ఉప్పు) దించండి. సముద్రపు చేప ఒంట్లోని ద్రవాల ఉప్పదనం బయటి నీటిలో మూడో వంతే ఉంటుంది కాబట్టి దాని ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి లాగబడుతూనే ఉంటుంది. పుండు పడితే అదొక కొత్త చిల్లు. ఉప్పదనం తగ్గిస్తే ఆ శ్రమ తగ్గుతుంది, బ్యాక్టీరియా మాత్రం చావదు. పగడాలు, సముద్రపు పూలు (ఎనిమోన్లు) ఉన్న ట్యాంకులో ఈ పని చేయకండి.

టెట్రాసైక్లిన్ జాతికే చెందిన ఆక్సీటెట్రాసైక్లిన్‌కు లొంగుతుందని పరీక్షలో తేలితే, పశువైద్యుడికో మత్స్య నిపుణుడికో చూపించి మేతలో ఇవ్వండి. కిలో చేప బరువుకు రోజుకు 75 మిల్లీగ్రాములు, పది రోజులు. మీ దగ్గర 2 గ్రాముల చేపలు 60 ఉన్నాయనుకుందాం. మొత్తం బరువు 120 గ్రాములు, రోజుకు కావలసిన మందు 9 మిల్లీగ్రాములు. అంత కొంచెం తూచడం కష్టం కాబట్టి పది రోజుల మేత ఒకేసారి తయారు చేసుకోండి. బరువులో 5 శాతం మేత చొప్పున రోజుకు 6 గ్రాములు, పది రోజులకు 60 గ్రాముల మేతలో 90 మిల్లీగ్రాముల మందు. బంగారం తూచే త్రాసు మీద తూచండి. డబ్బా మీద మందు 50 శాతం అని రాసి ఉంటే పొడి 180 మిల్లీగ్రాములు పడుతుంది. ఈ మేతకు రొయ్య మాంసాన్ని పెంకు పూర్తిగా తీసేసి రుబ్బండి. పెంకు నిండా కాల్షియమే, నీటిలో తగిలిన దెబ్బే మేతలోనూ తగులుతుంది. మందు, జెలటిన్‌తో కలిపి పలుచగా పరిచి, పది వంతులు చేసి, వెలుతురు తగలకుండా ఫ్రీజర్‌లో పెట్టుకోండి. నాలుగో రోజుకు చావులు ఆగినా పది రోజులూ ఇవ్వాల్సిందే.

మేత ముట్టని చేపకు ఇందులో ఏ మేలూ లేదు. ఈ వైద్యం ఇంకా తింటున్నవాటిని నిలబెట్టడానికే. పక్కకు ఒరిగి, పొట్ట ఉబ్బి, రెండు మూడు రోజులుగా మేత మానేసినదాన్ని లవంగ నూనె కలిపిన నీటిలో వేసి బాధ లేకుండా పోనివ్వడం మేలు.

కొందరు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు తెచ్చిస్తామంటారు. ఆక్వా సాగులో అవి మన దేశంలో నిషిద్ధం. రంగు చేపలను ఎవరూ తినరు కదా అనే వాదన మీ తీరంలో చెల్లదు. మీ షెడ్డు నీరు కలిసే సముద్రం నుంచే పక్క హ్యాచరీ మోటారు నీరు తోడుకుంటుంది. మందు నీటిని కాలువలోకి వదలకండి.

అసలు ఈ జబ్బు ఎలా వచ్చిందో మీ ఉత్తరంలోనే కొంత తెలుస్తోంది. కొత్త పిల్లలను విడిగా ఉంచినట్టు మీరు రాయలేదు. 12 ట్యాంకులకు ఒకటే చేతివల అయితే దాన్ని ప్రతిసారీ బ్లీచింగ్ నీటిలో ముంచి, కడిగి వాడండి. చేప పిల్లలకు మేతగా వేసే చిన్న జీవి ఆర్టీమియాను పొదిగిన నీరు విబ్రియోకు పుట్టిల్లు. ఆర్టీమియాను ఆ నీటితో సహా ట్యాంకులో పోయకుండా వలగుడ్డలో వడకట్టి శుభ్రమైన నీటితో బాగా కడిగి వేయండి. రోజూ ఒక అయిదు నిమిషాలు ట్యాంకు ముందు కదలకుండా కూర్చోండి. క్లౌన్ గుంపులో పెత్తనం చేసే చేప ఒకటి ఉంటుంది, మిగతావాటి రెక్కలు కొరుకుతుంది. ఆ కొరుకుడే పుండుకు మొదలు కావచ్చు. దాన్ని పట్టుకుని వేరే ట్యాంకులో వేయండి.

మీ చేతి మీద కోతలు, గీతలు ఉంటే గ్లౌజులు లేకుండా ట్యాంకులో చేయి పెట్టకండి. చేపలను వారాల తరబడి చిక్కిపోయేలా చేసే మైకోబ్యాక్టీరియం మనిషి చర్మానికీ అంటుతుంది, దాని పుండు మానడానికి నెలలు పడుతుంది. ల్యాబు కాగితం చేతికి వచ్చాక చేపల సగటు బరువు, అమ్మోనియా లెక్క జోడించి మళ్లీ రాయండి.