ప్రార్థన మొదలుపెట్టాక కష్టాలు ఇంకా ఎక్కువైతే పిల్లలకి ఏం చెప్పాలి?

"రోజూ ప్రేయర్ చేస్తున్నాం కదా, మరి ఇంకా ఎక్కువైందేంటి నాన్నా" అని పిల్లలు అడుగుతున్నారన్నారు కదండీ, బైబిల్లో నిర్గమకాండం 5వ అధ్యాయం తీసి వాళ్ళ చేతే చదివించండి. ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేస్తున్న ఇశ్రాయేలు జనాన్ని పంపించమని, మోషే, అహరోను దేవుడు చెప్పిన మాటే పట్టుకుని ఆ దేశపు రాజు ఫరో దగ్గరికి వెళ్ళారు, తప్పేం చెయ్యలేదు, అయినా ఆ రోజే ఫరో ఇటుకలకి గడ్డి ఇవ్వడం ఆపేయమన్నాడు, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గించలేదు. గడ్డి కలపకపోతే మట్టి ఎండలో బీటలిస్తుంది, మన ఊళ్ళలో మట్టిగోడ కట్టిన పెద్దవాళ్ళని అడిగినా చెప్తారు. పాపం ఆ జనం దేశమంతా తిరిగి కొయ్యకాలు ఏరుకొచ్చారు, లెక్క తగ్గితే వాళ్ళ నాయకులు దెబ్బలు తిన్నారు.

అప్పుడు మోషే ఏం దాచుకోలేదు, నన్నెందుకు పంపావు, నువ్వు వీళ్ళని విడిపించనేలేదు అని దేవుణ్ణే అడిగేశాడు. దేవుడు కోప్పడలేదండీ, నేను ఫరోకి చేసేది నువ్వే చూస్తావు అన్నాడు. నాకైతే 6వ అధ్యాయం 9వ వచనం దగ్గర కళ్ళు చెమరుస్తాయి, జనం మనసు కుంగిపోయి మోషే మాట వినలేకపోయారు, అయినా దేవుడు వాళ్ళని వదల్లేదు.

అందుకే పిల్లలతో అంతా బాగానే ఉందని నటించకండి. ఈ రాత్రి చాప మీద కూర్చున్నప్పుడు ఫీజు కట్టలేదనే భయం కూడా వాళ్ళనే పైకి చెప్పనివ్వండి, ఆ తర్వాత మీరు ఆమెన్ అనండి.