అవరోధం గుండానా, ద్వారానా?

సందేహం: "రక్తమెదడు అవరోధం ద్వారా పోషకాలు రవాణా చేయబడతాయి" అని ఒక పత్రికలో చదివాను. అవరోధం అంటే అడ్డంకి కదా, అడ్డంకి ద్వారా ఏవైనా ఎలా వెళ్తాయి? ఇందులో 'అవరోధం' తప్పా, 'ద్వారా' తప్పా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: 'అవరోధం' తప్పు కాదమ్మా. దాన్ని మనం రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్టు స్థాయికి దించేశాం గానీ, సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠం ఈ మాటకు మూలమైన ధాతువును "రుధిర్ ఆవరణే" అంటుంది. అంటే చుట్టూ మూయడం. అమరకోశంలో అంతఃపురానికి చెప్పిన పేర్లలోనూ అవరోధం ఉంది: "శుద్ధాంతశ్చావరోధశ్చ". శాకుంతలం అయిదో అంకం మొదట్లో అంతఃపురం బాగోగులు చూసే ముసలి ఉద్యోగి, కంచుకి, వస్తాడు. "అవరోధగృహేషు రాజ్ఞః" అంటూ, రాజుగారి అంతఃపురంలో ఆచారం కొద్దీ పట్టిన పేముబెత్తమే ఇన్నేళ్లకు తడబడే నడకకు ఊతకర్ర అయిందని వాపోతాడు. అధికారానికీ ముసలితనానికీ ఒకే కర్ర! కాళిదాసుకు తప్ప ఎవరికి తడుతుంది? అక్కడ అవరోధాన్ని అడ్డంకి అంటే కంచుకి కాస్తా చెక్‌పోస్టు కాపలాదారు అయిపోతాడు.

మెదడు సంగతీ అంతఃపురం సంగతే. 1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే మిగతా అవయవాలకు పట్టింది, మెదడుకు అంటలేదు. మెదడుకు ఆ రంగు గిట్టదేమో అనుకున్నాడాయన. గోడ ఉందని తర్వాతివాళ్లు తేల్చారు. అక్కడి రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఆక్సిజన్ తనంత తానే దూరిపోతుంది. గ్లూకోజును మాత్రం గ్లట్-1 అనే ప్రొటీన్ దాటించాలి. కొన్ని అమైనో ఆమ్లాలకు ల్యాట్-1 అనే మరో ప్రొటీన్ వాకిలి. పార్కిన్సన్స్ రోగికి మెదడులో కరువైన డోపమిన్‌నే ఇస్తే లోపలికి పోదు, లోపలికెళ్లాక డోపమిన్‌గా మారే లీవోడోపాగా ఇస్తే ఈ వాకిట్లోంచే పోతుంది. ప్రొటీన్ అరిగితే అమైనో ఆమ్లాలే కాబట్టి, అది ఎక్కువున్న భోజనంతో మాత్ర వేసుకుంటే అక్కడ తోపులాట. అందుకే చాలామందికి డాక్టర్లు మాత్రకూ భోజనానికీ ఎడం పెట్టమంటారు.

ఇక 'ద్వారా'. నాకు ఒళ్లు మండే మాట ఇది. "మంత్రిగారి ద్వారా ప్రారంభించబడింది" అని రాసేవాళ్లకు 'మంత్రిగారు ప్రారంభించారు' అనడానికి నోరు రాదా? కానీ సంస్కృతంలో అది 'ద్వార్' (వాకిలి) శబ్దానికి తృతీయా విభక్తి రూపం, అంటే 'వాకిలి గుండా'. కాబట్టి ఈ ఒక్క వాక్యంలో దాన్ని తప్పు పట్టలేకపోతున్నాను. నా చెవికైతే 'గుండా'యే బాగుంటుంది.

'రవాణా' ఫారసీ నుంచి వచ్చింది, ఉండనివ్వండి. 'చేయబడతాయి' మాత్రం వద్దు, 'అవుతాయి' చాలు.

అసలు తప్పు 'రక్తమెదడు'. సంస్కృతపు మాటకు తెలుగు మాట అతికించిన వైరిసమాసం కావడం సరే, అర్థం కూడా నెత్తురోడే మెదడులా ఉంది. 'రక్తమస్తిష్కావరోధం' వ్యాకరణానికి సరి, నోటికి బరువు. 'రక్తానికీ మెదడుకూ నడిమి అవరోధం' అంటే నాకు ఇష్టమే, పొడుగైందని మీరంటే కాదనను. ఆస్పత్రిలో మాత్రం 'బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్' అనండి, పని త్వరగా అవుతుంది.