హెడ్‌ఫోన్ మీద 14 వేలు పెట్టాల్నా, అదీ ఈఎంఐల?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు రాసిండు. పాత ఇండ్లు కూలగొట్టే పనులు పడతడు, మెటల్ డిటెక్టర్‌తోని గోడలల్ల పునాదులల్ల సలాక, పైపులు ఎక్కడున్నయో చూసుకొని తీసి స్క్రాప్‌కు అమ్ముకుంటడు. ఖర్చులు పోను నెలకు 24 వేల దాక మిగుల్తయంట. డిటెక్టర్ బీప్ విననీకె 700 పెట్టి హెడ్‌ఫోన్ కొంటే మూన్నెల్లకే పోతున్నది, 14 వేలది వైర్‌లెస్ ఒకటి చూసిన, ఆరు నెలల ఈఎంఐ ఇస్తరంట, తీసుకోవాల్నా అన్నా అని అడిగిండు. చివర్ల ఇంకో మాట గూడ రాసిండు, దోస్తులు గుట్టల మీద నిధులు వెతుకుదాం రా, హెడ్‌ఫోన్ ఉంటే సౌండ్ బయటికి రాదు అంటున్నరంట.

తమ్మీ, 14 వేలది వద్దు. 700ది గూడ ఇంక కొనకు. ఎందుకో లెక్కతోని చెప్త.

ఏడాదికి నాలుగు కొంటున్నవ్, అంటే 2,800. కానీ అది పోయిన రోజు పని ఆగుతది, కూలోళ్లు కూసుంటరు, జేసీబీ కిరాయి మాత్రం గంట లెక్కన నడుస్తనే ఉంటది. ఆ పూటకు వెయ్యి నష్టం అనుకున్నా ఏడాదికి 4 వేలు, మొత్తం కలిపితే నీ చవక హెడ్‌ఫోన్‌కు ఏడాదికి 6,800 పోతున్నయి. అదే 3,500ల గట్టి వైరు హెడ్‌ఫోన్ తీసుకొని, ఏటా 400 పెట్టి చెవి కుషన్లు మార్చుకుంట మూడేండ్లు నడిపితే మొత్తం 4,700, ఏడాదికి 1,600 గూడ కాదు. 14 వేలది మూడేండ్లు నడిచినా ఏడాదికి 4,700 దాక పడుతది, దాంట్ల బ్యాటరీ ఉంటది, బ్యాటరీ అన్నంక రోజురోజుకు తగ్గేదే, చాలా మోడళ్లల్ల అది మార్చుడు గూడ కష్టమే.

ఇగ ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అని రాసినా ఊరికె ఇయ్యరు, వడ్డీ ఎంతనో అంత డిస్కౌంట్ కింద ముందుగాల చూపిస్తరు, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం నీ మీదనే పడుతది. ప్రాసెసింగ్ ఫీజు 199 అన్నరనుకో, జీఎస్టీతోని 235 అయితది. ఇవి చిన్నయే, అసలు భయం వేరే ఉన్నది. వానలు పడితే ఇండ్లు కూలగొట్టే పని సగానికి పడిపోతది కదా, మే నెలల తీసుకున్న ఈఎంఐ జులై ఆగస్టుల గూడ నెలకు 2,300 పైనే గుంజుతది, ఒక్క కిస్తీ తప్పితే పెనాల్టీ, మీదికెళ్లి సిబిల్ స్కోరు దెబ్బతింటది. రేపు ట్రాలీ కోసమో బండి కోసమో లోన్‌కు పోయినప్పుడు బ్యాంకోడు అదే తీసి చూపిస్తడు. హెడ్‌ఫోన్ కోసం ఆ రిస్క్ ఎందుకు?

పైసల సంగతి పక్కన పెట్టినా మామూలు బ్లూటూత్ డిటెక్టర్ పనికి సెట్ కాదు. సౌండ్ చెవికి వచ్చేవరకు సెకన్ల ఐదో వంతు దాక లేటయితది. నువ్వు కాయిల్‌ను (డిటెక్టర్ చివర ఉండే గుండ్రటి పళ్లెం) సెకన్‌కు మీటర్ చొప్పున ఊపుతున్నవ్ అనుకో, బీప్ వినపడేసరికి కాయిల్ 20 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటది, గోడకు అక్కడ రంధ్రం కొడితే సలాక పక్కకు ఉంటది. లేటు తక్కువుండే ‘యాప్టెక్స్ లో-లేటెన్సీ’ అసొంటి బ్లూటూత్ పద్ధతులు ఉన్నయి, అయ్యి సుమారు 40 మిల్లీసెకన్లే, కానీ డిటెక్టర్‌ల గూడ అదే ఉండాలె, రెండిట్ల ఒక దాంట్ల లేకున్నా లాభం లేదు. వైరుకు ఈ లొల్లే లేదు.

కొనేముందు ఫస్ట్ నీ డిటెక్టర్ జాక్ ఏందో చూడు. కొన్నిటికి 3.5 మిల్లీమీటర్ల సన్నది, కొన్నిటికి 6.35 లావుది ఉంటది. లావు జాక్‌కు సన్న ప్లగ్ పెట్టనీకె గట్టి ఇనుప కన్వర్టర్ వాడుతున్నవ్ అయితే వెంటనే ఆపు, అది బయటికి పొడుగ్గ నిలబడి ప్రతి తగులుడుకు లోపలి సాకెట్‌ను కదిలిస్తది, సాకెట్ లూజయితే డిటెక్టరే విప్పాలె, ఆ ఖర్చు హెడ్‌ఫోన్ కంటె ఎక్కువయితది. జాక్ సైజు ప్లగ్ ఉన్నదే తీసుకో, అదిగూడ ఎల్ ఆకారంల వంగి ఉన్నది. గారెట్ ఏస్ 250 అసొంటి డిటెక్టర్లకు వాల్యూమ్ బటనే ఉండదు, గట్లుంటే హెడ్‌ఫోన్‌కే వాల్యూమ్ ఉండాలె. వైరు స్ప్రింగు లెక్క చుట్టుకునేది మంచిది, హెడ్‌ఫోన్ దగ్గర ఊడొచ్చే వైరు అయితే ఇంకా మంచిది, వైరు తెగితే వైరే మార్చుకుంటవ్. నెత్తి మీది పట్టీల స్టీల్ ఉన్నదా, కుషన్లు చేత్తోని ఊడొస్తున్నయా, స్క్రూలు ఉన్నయా గమ్ పెట్టి అతికిచ్చిన్రా చూడు, గమ్ పెట్టింది రిపేర్ చేసేటోడు గూడ ముట్టడు. షాపుల పాట పెట్టుకొని ప్లగ్ దగ్గర వైరును అటు ఇటు వంచు, సౌండ్ ఏమాత్రం తెగినా పక్కన పెట్టెయ్. బేస్ గురించి వాళ్లు ఎంత చెప్పినా వినకు, డిటెక్టర్ బీప్‌కు అది అక్కరలేదు, నాయిస్ క్యాన్సిలింగ్ అయితే అసలే వద్దు, జేసీబీ నడిచే జాగల నీకు చుట్టు సౌండ్ వినపడాలె. బండి తిరుగుతున్నంతసేపు ఒక చెవి ఖాళీగ పెట్టు, ఇది నీ ప్రాణం మీద ప్రేమతోని చెప్తున్న.

మూన్నెల్లకే ఎందుకు పోతున్నదో గూడ చూద్దాం. ఎక్కువసార్లు వైరు ప్లగ్‌లకు పోయే కాడనే తెగుతది. పైన రబ్బరు మంచిగనే కనపడుతది, లోపల వెంట్రుక అసొంటి రాగి తీగలు ఒక్కొక్కటే తెగుకుంట వస్తయి, వైరు తిప్పితే సౌండ్ వచ్చుడు పోవుడు అవుతది. అప్పుడు పడెయ్యకు. తెగిన కాడికి రెండించులు కోసేసి కొత్త ప్లగ్ సోల్డర్ చేపిచ్చి, మీద హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేపియ్యి, మొబైల్ రిపేర్ షాపుల నూటయాభైల అయిపోతది. ఆ సన్న తీగల మీద రంగు లక్క పూత ఉంటది, కాల్చి గీకితేనే సోల్డర్ పడుతది, ఆ మాట వాళ్లకు ముందే చెప్పు, లేకుంటే రెండు రోజులల్ల మళ్ల ఊడుతది. పనయినంక వైరును డిటెక్టర్ రాడ్‌కు బిగ్గ చుట్టకు, వదులుగ గుండ్రంగ చుట్టి బట్టపేలికతోని కట్టు. సిమెంట్ దుమ్ము, చెమట కలిస్తే కుషన్ తోలు తొందరగ పొక్కులు లేచి రాలుతది, పొడిబట్టతోని దుమ్ము దులిపినంకనే తడిబట్టతోని తుడువు. పాత బనీను గుడ్డతోని కుషన్లకు తొడుగులు కుట్టిచ్చుకో, రోజు ఉతుక్కోవచ్చు. మన దిక్కు ఎండకాలం 40 డిగ్రీలు దాటుతది కదా, ట్రాలీ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి వదిలెయ్యకు, ప్లాస్టిక్ వంగుతది, గమ్ కరుగుతది.

వాల్యూమ్ గురించి ఒక మాట. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు దాటొద్దు అంటరు, ఇంకో 3 డెసిబెల్స్ పెరిగితే 4 గంటలే. చెవి పోతే చెవి మిషన్ ఖర్చు ఈ లెక్కలన్నిటి కంటె పెద్దది, పోయిన వినికిడి మళ్ల రాదు, కాబట్టి సన్న బీప్ వినపడేంత వరకే పెట్టుకో.

బిల్లు మాత్రం తప్పక తీసుకో, వారంటీకి అదే ఆధారం. జీఎస్టీ రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే హెడ్‌ఫోన్ మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ కింద తీసుకోవచ్చు, కాంపోజిషన్‌ల (చిన్న వ్యాపారాలకు ఉండే సులువు జీఎస్టీ పద్ధతి) ఉంటే రాదు.

ఇగ గుట్టల మీది నిధుల ముచ్చట. దానికి పోకు తమ్మీ, గట్టిగ చెప్తున్న. సౌండ్ బయటికి రావద్దు అనుకుంట చేసే పని ఎసొంటిదో నీకు గూడ తెలుసు. కేసయితే డిటెక్టర్ పోతది, వకీలు ఫీజులు మీదపడుతయి, జైలు గూడ ఉంటది, ఇంట్లోళ్ల గతేంది? సూర్యాపేట జిల్లా ఫణిగిరిల 2024ల పురావస్తు శాఖ తవ్వకాలల్ల ఒక కుండల 3,730 సీసపు నాణాలు దొరికినయి, అవి తూకానికి అమ్మితే ఏం రాదు, తవ్వినకాడ తవ్వినట్టు ఉంటేనే చరిత్ర తెలుస్తది, ఎవరో రాత్రిపూట పెకిలించి ఉంటే అదంతా పోతుండె. పాతిల్లు కూలగొడుతుంటే గోడల నాణాలో సొమ్మో దొరికినా దాచకు, ఇంటోళ్లకు చెప్పి కలెక్టర్‌కు రాసియ్యండి. ఇంకోటి, అలంపూర్ నవబ్రహ్మ గుళ్ల లెక్క కేంద్రం రక్షణల ఉన్న కట్టడాలకు 100 మీటర్ల లోపల కొత్త కట్టుడు నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లకు అనుమతి కావాలె, అసొంటి జాగల కూలగొట్టే పని వస్తే కాయిదాలు చూడకుండ ఒప్పుకోకు.

3,500 ఇప్పుడు చేతిల లేకుంటే బ్యాంకుల నెలకు 300 చొప్పున ఏడాది ఆర్‌డీ పెట్టు, 3,600 మీద వడ్డీ వస్తది. అందాక పాతదానికి ప్లగ్ మార్పిచ్చి నడిపియ్యి. నీ డిటెక్టర్ మోడల్, జాక్ సైజు రాసి పంపు, కొనేముందు నేను గూడ ఒకసారి చూస్త.