వీధిలో ఒక్క ఇంటి గుమ్మం

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. కణ విభజనను నడిపేవి ప్రొటీన్ కైనేజ్‌లని, అంటే వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్‌లని చదివాం. ఆ ఫాస్ఫేట్ కోసం అన్నీ కణం ఇంధనమైన ఏటీపీనే వాడుకుంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి అంటున్నారు. మరి ఫలానా పని ఫలానా కైనేజ్‌దే అని ఎలా తెలుస్తుంది? జన్యువునే తీసేస్తే కణం చచ్చిపోతుంది కదా? (నంద్యాల నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: ఈ ప్రశ్న చూడగానే ప్రాణం లేచి వచ్చిందమ్మా. పద్దెనిమిదేళ్లు ఈస్ట్‌తో కాపురం చేసినదాన్ని. ఇప్పటికీ బ్రెడ్డు ప్యాకెట్ విప్పితే ల్యాబే గుర్తొస్తుంది.

మీరన్నది నిజమే. ఈస్ట్‌లో సుమారు 120, మనిషిలో 500 పైచిలుకు కైనేజ్‌లున్నాయి. ఏటీపీ కూర్చునే గది అన్నిట్లోనూ దాదాపు ఒకే కొలత. ఒకదాన్ని ఆపుదామని మందు వేస్తే, పక్కనున్న నాలుగైదు కూడా ఆగుతాయి. ఇక తప్పు ఎవరిదని తేలుస్తాం?

పాతకాలంలో దీనికి వేడిని వాడారు. అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్ బృందం మామూలు వేడిలో బాగానే పెరిగి, 37 డిగ్రీలకు తీసుకెళ్తే విభజన మధ్యలో ఆగిపోయే ఈస్ట్ రకాలను పట్టుకుంది. సీడీసీ28 జన్యువు అలా దొరికిందే, దాని ప్రొటీనే సీడీకే1. 2001లో హార్ట్‌వెల్‌కు పాల్ నర్స్, టిమ్ హంట్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. గొప్ప పద్ధతే, కాదనను. కానీ వేడంటే కణానికి అదో టెన్షన్. పైగా వేడికి ప్రొటీన్ ఆకారమే చెడిపోతే, పోయింది దాని పనా, ఆ ప్రొటీనే లేకుండా పోయిందా అన్నది తేలదు. కుర్చీలో మనిషి ఉండి ఫైలు కదపకపోవడం వేరు, మనిషే లేకపోవడం వేరు. ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు.

అమెరికా రసాయన శాస్త్రవేత్త కెవన్ షోకట్ బృందం అసలు తెలివి చూపింది ఇక్కడే. ఒక వీధిలో 120 ఇళ్లు, అన్నిటికీ ఒకే కొలత గుమ్మం అనుకోండి. ఒక్క ఇంటి గుమ్మం మాత్రం రహస్యంగా వెడల్పు చేయించి, ఆ గుమ్మంలోనే పట్టే బీరువా ఒకటి వీధిలోకి తెచ్చారు. అది మిగతా ఇళ్లలో దూరదు. ఈ ఇంట్లో దూరి గదంతా ఆక్రమిస్తుంది, ఏటీపీకి చోటుండదు. కైనేజ్‌లో ఆ గుమ్మం దగ్గర కాపలా కాసే అమైనో ఆమ్లాన్ని గేట్‌కీపర్ అంటారు. సీడీకే1లో అది 88వ స్థానంలోని ఫినైల్ అలనైన్. బాగా లావు మనిషి. ఆయన్ని తీసి, అమైనో ఆమ్లాలన్నిట్లో చిన్నదైన గ్లైసీన్‌ని నిలబెట్టారు. బీరువా అంటే మందు, దాని పేరు వన్-ఎన్ఎమ్-పీపీ1.

2000లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. వేడి పద్ధతిలో సీడీసీ28 పాడైన కణాలు సాధారణంగా జీ1 దశలో, అంటే పిల్ల కణంగా విడిపోయే మొగ్గ తొడగకముందే ఆగేవి. గుమ్మం మార్చిన కణాలకు ఈ మందు 500 నానోమోలార్ వేస్తే మాత్రం డీఎన్‌ఏ రెట్టింపు చేసుకుని, ఆ డీఎన్‌ఏని రెండుగా పంచే మైటాసిస్ దశ గడప ముందు ఆగాయి. ఎంజైమ్ అదే, ఆపిన తీరు వేరు, కనిపించిన జబ్బు వేరు. నన్నడిగితే ఈ పద్ధతి విలువంతా ఇందులోనే ఉంది.

ఒక ముచ్చట చెప్తాను. ఒకరోజు స్పిరిట్‌తో బెంచీ తుడుస్తూ రెండు ఫ్లాస్కుల మీది మార్కర్ రాతలు కూడా తుడిచేశాను. ఒకటి మామూలు ఈస్ట్, ఒకటి గుమ్మం మార్చిన ఈస్ట్. రెండూ అదే గోధుమరంగు మీడియం, అదే వాసన! ఏడుపొక్కటే తక్కువ. చివరికి రెండింట్లోంచీ కొంచెం తీసి, అదే మందు కలిపి రెండు గంటలు ఊపాను. స్లైడు మీద ఒకదాంట్లో మొగ్గ లేనివి, చిన్న మొగ్గవి, పెద్ద మొగ్గవి, అన్నీ కలిసి సంతలా ఉన్నాయి. రెండోదాంట్లో దాదాపు ప్రతి కణానికీ ఒకే పొడుగాటి మొగ్గ, గుండ్రటి వంకాయకు తొడిమ సాగినట్టు. మళ్లీ రాసుకున్నాను, ఈసారి టేపు అంటించి మరీ. మామూలు ఈస్ట్‌కి కూడా మందు వేసి చూడాలని మా గైడు ఎందుకు పోరేవారో అప్పుడు బుర్రకెక్కింది. బీరువా నిజంగా ఒక్క ఇంట్లోనే దూరుతోందనడానికి సాక్ష్యం అదే.

ఈ వెడల్పు గుమ్మానికి ఇంకో ఉపయోగముంది. బీరువాకి బదులు, లావుపాటి ఏటీపీని పంపొచ్చు. దాని ఫాస్ఫేట్‌కి రేడియోధార్మిక గుర్తు పెడితే, ఈ కైనేజ్ ముట్టుకున్న ప్రొటీన్లకే ఆ గుర్తు అంటుతుంది. లావు ఏటీపీ కణంలోకి వెళ్లలేదు గనక కణాలను పగలగొట్టిన రసంలో చేస్తారు. 2003లో డేవిడ్ మోర్గన్ బృందం ఇలాగే సీడీకే1 పనిచేసే ప్రొటీన్లను సుమారు 200 పట్టుకుంది. 2009లో బతికున్న కణాల్లోనే సీడీకే1ని మందుతో ఆపి, ఏ ఫాస్ఫేట్లు తగ్గాయో అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో లెక్క తీస్తే 308 ప్రొటీన్ల మీద 547 చోట్లు తేలాయి.

అన్ని కైనేజ్‌లూ ఇంత బుద్ధిగా ఉండవు. కొన్నిట్లో గేట్‌కీపర్‌ని మారిస్తే ఎంజైమ్ నీరసపడుతుంది, దాన్ని నిలబెట్టడానికి ఇంకో మార్పు చేయాల్సి వస్తుంది. మనిషి కణాల్లో రెండు జన్యు ప్రతులూ మార్చాలి. జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి రాకముందు అది పెద్ద చాకిరీ. అయినా 2007లోనే మనిషిలోని పీఎల్‌కే1 అనే కైనేజ్‌కి ఇది చేసి, కణం చివర్లో రెండుగా తెగడానికి కూడా ఆ కైనేజ్ పని కావాలని చూపించారు. విభజన మొదట్లోనే పీఎల్‌కే1 లేకుండా చేస్తే కణం అంతదాకా రానేరాదు. సరైన నిమిషంలో ఆపగలిగారు గనకే అది కనిపించింది.

ప్రశ్న: నాన్నగారు రక్త క్యాన్సర్‌కి ఇమాటినిబ్ వాడుతున్నారు. రిపోర్టులో టీ315ఐ, గేట్‌కీపర్ మ్యూటేషన్ అని వచ్చింది. ఏమిటది? (పేరు వద్దన్న పాఠకుడు, వరంగల్)

జవాబు: పైన చెప్పిన గుమ్మమే బాబూ, ఇక్కడ కథ తిరగబడింది. ఇమాటినిబ్ ఆపేది ఏబీఎల్ అనే కైనేజ్‌ని, అందులో 315వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. క్యాన్సర్ కణాల్లో అక్కడికి కాస్త లావైన ఐసోల్యూసిన్ వస్తే గుమ్మం ఇరుకవుతుంది, మందు లోపలికి పోలేదు. థ్రియోనిన్‌ని పట్టుకుని నిలబడే బంధం కూడా పోతుంది. అందుకే ఇమాటినిబ్ డోసు పెంచినా ఫలితం ఉండదు. ఈ మార్పునే దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన పొనాటినిబ్ ఉంది. అసిమినిబ్ అయితే ఈ గుమ్మం జోలికే పోకుండా కైనేజ్‌లో వేరే గుంటలో కూర్చుంటుంది. నాన్నగారికి ఏది సరిపోతుందన్నది గుండె, రక్తనాళాల పరిస్థితి కూడా చూసి డాక్టరుగారే చెప్పాలి. రిపోర్టు పట్టుకుని త్వరగా వెళ్లండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: ఈస్ట్ మొగ్గ తొడగడం మా బడిలో పిల్లలకు చూపించొచ్చా? (సైన్సు టీచరు, పాలకొల్లు)

జవాబు: హాయిగా చూపించొచ్చు మాస్టారూ. బేకరీ ఈస్ట్, ల్యాబు ఈస్ట్ ఒకే జాతి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చెంచా పంచదార, చిటికెడు ఈస్ట్ వేసి గంటా రెండు గంటలు వదిలేయండి. ఒక చుక్కని బాగా పల్చన చేసి 40 రెట్ల లెన్సు కింద పెట్టండి. పల్చన చేయకపోతే పిల్లలకు రాగి ముద్దే కనబడుతుంది.