తండా పిల్లాడికి తెలుగులోనే పరీక్షా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర తండా. బాబుకు ఆరేళ్లు, మేధో వైకల్యం ఉందన్నారు. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. థెరపీ మేడమ్ ఇకపై తెలుగే మాట్లాడమంటున్నారు. కానీ బాబు ఎక్కువగా ఉండేది మా అత్త దగ్గర, ఆమెకు తెలుగు సరిగా రాదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: మీ భాష మానొద్దమ్మా. రెండు భాషలు వింటే మాటలు ఇంకా ఆలస్యమవుతాయన్నది అపోహ. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద చేసిన పరిశోధనల్లో కూడా అలాంటి నష్టం కనిపించలేదు, అదే నాయనమ్మతో మాట ఆగిపోతే రోజంతా వాడితో మాట్లాడే మనిషే లేకుండా పోతుంది.

ఇంకో మాట, వైకల్యం ఉందని చెప్పడానికి చేసే ఐక్యూ (తెలివితేటల) పరీక్ష ఏ భాషలో చేశారు? రాని భాషలో అడిగితే జవాబు తెలిసిన పిల్లాడు కూడా నోరు విప్పడు, స్కోరు తక్కువ వస్తుంది, తప్పు మాత్రం పిల్లాడి మీద పడుతుంది. ఇది అన్యాయం. లంబాడీ తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టి మళ్లీ చూడమని గట్టిగా అడగండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు, అది దగ్గర్లోని మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది మీ ఇష్టం. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం గురించి బడిలో అడగండి. వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చాక నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు దరఖాస్తు పెట్టండి, వైద్య ఖర్చులకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులోనే.