మన కార్ఖానా చరిత్ర రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి పేజీలు చదివాను. మన కార్ఖానా గురించి ఇంట్లో ఒకరు రాయడానికి కూర్చున్నారంటేనే నాకు సంతోషం. భాష బాగుంది. కానీ అన్ని పేజీల్లోనూ మీ తాత గొప్పతనమే ఉంది. కష్టజీవి అన్నావు, ముందుచూపు ఉన్నవాడన్నావు. ఆ మాటలు ఏ యజమాని గురించైనా రాయొచ్చు. రంధ్రాన్ని సరైన కొలతకి నున్నగా తీర్చే రీమర్ ఆయన చేశాడే, దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. పనిముట్లు చేసిన ఇంటి చరిత్ర పనిముట్టుతోనే మొదలవ్వాలమ్మా. మనిషి దాని వెనకాల కనపడాలి.

అమెరికాలో లారాయ్ స్టారెట్ 1879లో కాంబినేషన్ స్క్వేర్ అనే కోణాల మట్టానికి పేటెంట్ తెచ్చుకుని, మరుసటి ఏడు ఆథోల్ అనే ఊళ్ళో కంపెనీ పెట్టాడు. ఆయన ఎలాంటి మనిషో తెలియని, లేత్ మీద పనిచేసే టర్నర్‌కి కూడా ఆ మట్టం తెలుసు. ఒకే స్కేలు మీద తల జరుగుతుంది, 90 డిగ్రీలూ చూడొచ్చు, 45 డిగ్రీలూ చూడొచ్చు. మన దేశంలో కిర్లోస్కర్లు ఇనుప నాగలి చేసినప్పుడు, ఇనుము తగిలితే నేల విషమవుతుందని రైతులు ముందు కొననేలేదు. ఆ అమ్ముడుపోని నాగలి వాళ్ళ కథలో ఉంది కాబట్టే మిగతా కథ మీద నమ్మకం కుదురుతుంది. మన అటక మీద కూడా అమ్ముడుపోని డైలు, కడ్డీ మీద మరలు కోసేవి, ఒక పెట్టెడు ఉన్నాయి. వాటికీ చోటివ్వు.

మీ తాత మొదట చేసినవి రిపేర్లే. చిత్తూరు చుట్టుపక్కల బెల్లం గానుగలు ఆడే రోజుల్లో షాఫ్టులు అరిగేవి, పళ్ళచక్రాలు విరిగేవి. గానుగ ఆగితే నరికిన చెరకు ఎండిపోతుంది కదా, రైతు మన గుమ్మంలోనే కూర్చునేవాడు. కావలసిన రీమర్ మద్రాసు నుంచి వచ్చేదాకా ఆగే వీలు లేక మనమే చేసుకున్నాం. అమ్మకానికి చెయ్యాలన్న ఆలోచన ఆ తర్వాతది. ఎవరి అవసరం కోసం ఏ పనిముట్టు పుట్టిందో రాస్తూ పో, కథ దానంతట అదే నడుస్తుంది.

ఏ వస్తువు ఏ కాలానిదో తెలియడం లేదని బెంగ పెట్టుకోకు. ఒకే రకానివి రెండు మూడు ఉంటే ఒకదాన్ని గ్రైండింగ్ చక్రానికి కొంచెం తగిలించి రవ్వలు చూడు. కళ్ళద్దాలు పెట్టుకో. కార్బన్ స్టీల్ అయితే రవ్వలు తెల్లగా, గుబురుగా వచ్చి చివర చీలుతాయి. వేగంగా కోసి వేడెక్కినా పదును పోని హైస్పీడ్ స్టీల్ అయితే ముదురు ఎరుపుతో సన్నగా, కొద్దిగానే వస్తాయి. కాడ మీద మాత్రం చూడొద్దు. పెద్ద రీమర్లకూ డ్రిల్లులకూ కాడ మామూలు ఉక్కుది అతికి ఉంటుంది. కోసే వైపే చూడాలి.

ఈ తేడా మన చరిత్రను రెండు ముక్కలు చేస్తుంది. హైస్పీడ్ స్టీల్‌ని 1900 నాటికే అమెరికా వాళ్ళైన టేలర్, వైట్ అనే ఇద్దరు ప్రపంచానికి చూపించారు. మన దగ్గరికి రావడానికి అడ్డం కొలిమే. కార్బన్ స్టీల్‌ని 800 డిగ్రీల దగ్గర ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి, గడ్డి పసుపు రంగు వచ్చేదాకా మళ్ళీ వేడి చేస్తే పదును నిలుస్తుంది. కంటిచూపుతో అయ్యే పని. హైస్పీడ్ స్టీల్‌కి 1200 డిగ్రీలు దాటాలి, ఆ తర్వాత 550 దగ్గర రెండుసార్లు మళ్ళీ వేడి చేసి టెంపరింగ్ చెయ్యాలి. అది బొగ్గు కొలిమి మీద నమ్మకంగా కుదిరేది కాదు. కాబట్టి ఫర్నేస్ కొన్న బిల్లు వెతుకు. ఆ తేదీ దగ్గర నీ పుస్తకంలో కొత్త అధ్యాయం మొదలవుతుంది.

స్క్రూ మరల విషయంలో తొందరపడొద్దు. మన ప్రభుత్వం మెట్రిక్ కొలతల చట్టం చేసింది 1956లో. విట్‌వర్త్ ట్యాప్, అంటే పాత ఇంగ్లీషు అంగుళాల కొలతలో రంధ్రం లోపల మరలు కోసేది, కనపడగానే అంతకు ముందుదని రాసెయ్యకు. పాత పంపులకూ గానుగలకూ ఆ మరలే ఉండేవి కాబట్టి తర్వాత చాలా ఏళ్ళు అవే అడిగారు. పక్కన ఆర్డరు పుస్తకం ఉంటే తప్ప ఏడాది వెయ్యొద్దు.

ఆ పుస్తకాల్లో సరుకు తిరిగొచ్చిన చోట్లు ఎర్ర సిరాతో ఉంటాయి. నాకు అన్నిటికంటే విలువైనవి అవే. ట్యాప్ విరిగిందని తిరిగొస్తే గాడి లోతు మార్చారు, రజను ఇరుక్కుంటోందంటే కోణం మార్చారు. పాత డ్రాయింగూ కొత్త డ్రాయింగూ పక్కపక్కన వేసి చూపించు. మీ తాత బుద్ధి ఎలా పనిచేసేదో చదివేవాళ్ళకు అక్కడ తెలుస్తుంది. పొగడక్కర్లేదు.

మీ అవ్వ గురించి కూడా రాయి. ప్రతి ట్యాపుకీ గ్రీజు పూసి, మైనపు కాగితం చుట్టి, సైజు రాసింది ఆవిడే. వానాకాలంలో మన సరుకు తుప్పు పట్టలేదంటే ఆ చేతుల వల్లే. జీతాల పుస్తకంలో ఆవిడ పేరు కనపడదు, అందుకే చెబుతున్నాను.

నేనూ మీ నాన్నా వేరుపడిన సంగతి నువ్వు వదిలేశావు. మొహమాటపడకు. లేత్‌లు ఎటు పోయాయో, పాత పనివాళ్ళు ఎవరి వెంట వెళ్ళారో చెప్పకపోతే ఆ తర్వాతి కథ ఎవరికీ అర్థం కాదు. మీ నాన్న చెప్పింది ఆయన మాటల్లో, నేను చెప్పింది నా మాటల్లో పెట్టు. ఎవరిది న్యాయమో నువ్వు తేల్చాల్సిన పని లేదు.

పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళొద్దు. "ఆ రోజులు ఎలా ఉండేవి?" అంటే "బాగుండేవమ్మా" అంటారు, అంతే. ఒక రీమర్ చేతిలో పెట్టి, దీనికి గాళ్ళు ఎలా తీసేవారు, ఎన్ని చెడిపోయేవి అని అడుగు. గంటసేపు చెబుతారు. రేణిగుంటలో ఉన్న, ఉక్కుని కాల్చి గట్టిపరిచే మన హార్డెనింగ్ మేస్త్రీ దగ్గరికి ముందు వెళ్ళు. ఆయనకు ఎనభై దాటింది, పొద్దున పూటే ఓపికగా మాట్లాడతాడు. నీటిలో ముంచాలా నూనెలో ముంచాలా అన్నది ఎలా తేల్చుకునేవాడో అడిగి, ఆయన మాట ఉన్నదున్నట్టు రికార్డు చెయ్యి. వెళ్ళే ముందు నాకు ఫోన్ చేస్తే అటక తాళంచెవి మీ అన్న చేత పంపిస్తాను.

ఇట్లు,
నీ పెదనాయన